ఒక పాత కారు పునరుద్ధరణము

2014వ సంవత్సరము ఆగస్టు మాసములో జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరమున, బి.ఎం.డబ్ల్యు. సంస్థవారి ప్రదర్శనశాలలో ఒక వింతైన కారును ఉంచిరి. అద్దములవలె మెరయు కార్లు బారులు తీరియుండు ఆ భవనములో ఈ కారు మాత్రము వన్నె చెడి, ఆసనములు చివికి, భాగములు ఊడి నిలిచియుండెను. దాని ముందుభాగమున ఇంజనే లేదు. పాత ఇనుప సామానుల అంగడినుండి ఈడ్చుకొనివచ్చినదియేమో అని చూపరులు తలచినను తప్పు లేదు. అయినను నిర్మించిన సంస్థయే దానిని ఏ మరమ్మతును చేయకమున్ను, ఉన్నది ఉన్నట్లుగా, ప్రజలకు చూపదలచినది. అది బి.ఎం.డబ్ల్యు. 507 అను క్రీడావాహనము. దాని చట్రముమీది సంఖ్య 70079.

507 పుట్టుక కథయే ఒక చిత్రమైన కథ. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో ఐరోపా కార్లకు గిరాకి పెరిగెను. న్యూయార్కులో విదేశపు కార్లను దిగుమతి చేసి అమ్ము మాక్స్ హాఫ్‌మన్ అను వర్తకుడు, అందమైన రెండు సీట్ల కారును నిర్మించినచో అమెరికావారు ఎగబడి కొందురని బి.ఎం.డబ్ల్యు. వారికి నచ్చజెప్పెను. ఆల్బ్రెక్ట్ గోర్ట్‌జ్ అను శిల్పి దాని రూపమును కల్పించెను. పొడవైన ముక్కు, పొట్టి తోక, అలవలె సాగిన ప్రక్కరేకులు కలిగిన ఆ రూపము నేటికిని కార్ల శిల్పములో ఒక మేలుబంతియే. 1955లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దానిని చూచినవారందరును మెచ్చుకొనిరి. మెచ్చుకొనుట వేరు, కొనుట వేరు గదా! అమెరికాలో 5,000 డాలర్లకు అమ్మవలెనని తలపెట్టిన కారు వెల, తయారగుసరికి దాదాపు రెండింతలైనది. ప్రతి కారు రేకును పనివారు చేతితో సాగగొట్టి మలచుటయే అందుకు ముఖ్యకారణము. 1956 మొదలు 1959 వరకు దాదాపు 250 కార్లు మాత్రమే వెలువడెను. అమ్మిన ప్రతి కారుమీదను సంస్థకు నష్టమే వచ్చినది. 1959 డిసెంబరు నాటికి బి.ఎం.డబ్ల్యు. సంస్థ మరియొక సంస్థ చేతిలోనికి పోవుటకు వెంట్రుకవాసి దూరములో ఉండి, వాటాదారుల సమావేశములో ఎట్లో బయటపడినది.

70079వ సంఖ్యగల కారు 1957లో తయారైనది. దాని రంగు తెలుపు. పక్షి ఈకను పోలిన, వెచ్చని తెలుపు. హాన్స్ స్టుక్ అను ప్రసిద్ధుడైన పందెగాడు దానిని కొండదారి పందెములలో నడిపెను. 1958 డిసెంబరులో దానిని చేపట్టిన యువకుని పేరు ఎల్విస్ ప్రెస్లీ. ఆ కాలమున అమెరికాలో అతని పాట వినని యువజనులు లేరనవచ్చును. నిర్బంధ సైనికశాసనము ననుసరించి అతడు 1958లో సైన్యమున చేరి జర్మనీకి వచ్చియుండెను. బాట్ నౌహైమ్ అను ఊరిలో కాపురముండి, ఫ్రీడ్‌బెర్గ్ లోని దండువిడిదికి ప్రతిదినము ఈ కారులో పోయివచ్చుచుండెను. అతని అభిమానులైన యువతులు ఆ తెల్లని కారును ఎక్కడ చూచినను ఊరకుండెడివారు కారు. తమ పెదవులకు పూసికొను ఎర్రరంగుతో దానిమీద సందేశములు వ్రాసి పోవుచుండిరి. ఎన్నిసార్లు తుడిపించినను మరల వ్రాతలే! విసుగెత్తి ఎల్విస్ కారుకంతకును ఎర్రరంగు వేయించెను. ఎరుపుమీద ఎరుపు కనబడదు గదా.

1960లో ఎల్విస్ స్వదేశమునకు మరలెను. కారును సముద్రము దాటి అమెరికాకు చేరి చేతులు మారెను. అలబామా రాష్ట్రమునకు చెందిన ఒక ఆకాశవాణి వ్యాఖ్యాత దానిని కొని, జర్మన్ ఇంజనును తీసివేసి, అమెరికాలో తయారైన షెవర్లే ఇంజనును అమర్చెను. గేరుపెట్టెను, వెనుక ఇరుసును గూడ మార్చెను. ఆ ఇంజను పట్టుటకు చట్రమును గూడ కోయవలసివచ్చినది. నేడు ఈ మాట విన్నవారు ‘అయ్యో’ అని నొచ్చుకొందురు. కాని అతనిని నిందించుట న్యాయము కాదు. ఆనాటికది పురావస్తువు కాదు. మూడునాలుగేండ్లు తిరిగిన ఒక వాడుకకారు మాత్రమే. పందెములలో వేగముగా పరుగెత్తు కారు అతనికి కావలెను, అట్లే చేసికొనెను.

1968లో కాలిఫోర్నియాలో అంతరిక్షనౌకల పరిశ్రమకు చెందిన ఒక ఇంజనీరు ఆ కారును కొనెను. కొంతకాలము దానిలోనే పనికి పోయివచ్చి, తరువాత గుమ్మడికాయలు నిలువచేయు ఒక గిడ్డంగిలో దానిని దాచియుంచెను. ఎప్పటికైనను తన చేతులతో దానిని బాగుచేయవలెనని అతని కోరిక. అందుకై విడిభాగములను ఒక్కొక్కటిగా కూడబెట్టుచు వచ్చెను. ఆ కారు ఎల్విస్ ప్రెస్లీదని మాత్రము ఎన్నో ఏండ్లవరకు అతడెరుగడు. చాలకాలమునకు ఒక పత్రికారచయిత్రి ఆ కారు జాడ తీయగా, చట్రముమీది సంఖ్యను కర్మాగారపు పాత దస్తరములతో సరిపోల్చి చూచిరి. అప్పుడుగాని నిజము బయటపడలేదు. యజమానికిని సంస్థకును ఒడంబడిక కుదిరి, కారు మ్యూనిక్ చేరినది.

పాత వాహనమును బాగుచేయవలెనన్న మొట్టమొదట తేలవలసిన ప్రశ్న సుత్తితో తేలునది కాదు. దేనిని నిలుపవలెను? దేనిని తుడిచివేయవలెను? ఈ కారు విషయమున మూడు త్రోవలుండెను. మొదటిది, ఉన్నదానిని ఉన్నట్లే కాపాడుట. తుప్పును, చిరుగును గూడ చరిత్రయే అనువారు ఈ త్రోవను కోరుదురు. పాత వాహనముల సంఘములకు అంతర్జాతీయ సమాఖ్య యొకటి కలదు. దాని పేరు ఫివా. ఆ సమాఖ్య 2012లో ట్యూరిన్ నగరము పేరిట అంగీకరించిన శాసనపత్రము గూడ, ఉన్న భాగములను కాపాడుటకే మొదటి పీట వేసినది. క్రొత్తగా చేసి పెట్టిన భాగములమీద గుర్తు వేయవలెననియు, చేసిన పనికంతకును లిఖితపూర్వకమైన లెక్క యుండవలెననియు చెప్పినది. రెండవ త్రోవ, కారును ఎల్విస్ విడిచిన నాటి ఎర్రని రూపునకు తెచ్చుట. మూడవది, కర్మాగారమునుండి వెలువడిన నాటి తెలుపునకు తెచ్చుట.

ఎరుపును కోరువారి వాదము బలహీనమైనది కాదు. లోకములో తెల్లని 507లు ఇంకను కలవు. పెదవిరంగు వ్రాతలకు వెరచి ఎర్రబడినది ఇదియొక్కటే. ఎల్విస్ చేతిగుర్తు అనదగినది ఏదైన నున్నచో అది ఆ ఎరుపే. మరి తెలుపువారి వాదమో? స్టుక్ కొండలెక్కించినది తెల్లకారునే. ఎల్విస్ మనసుపడి తీసికొనినదియు తెల్లకారునే. ఎరుపు ఇబ్బందివలన వేసినదేగాని ఇష్టమువలన వేసినది కాదు. సంస్థవారును యజమానియు కూడి మాటలాడి తెలుపునకే మొగ్గిరి. ఇట్టి తగవులో ఒక పక్షము పూర్తిగా ఒప్పనుట కష్టము. కాని పని మొదలుపెట్టకముందు పాత రూపును జనులందరకు చూపి, ఆ తరువాతనే సుత్తి పట్టుట మాత్రము మెచ్చదగిన పద్ధతి. ఒకసారి గీకివేసిన రంగు మరల రాదు.

ఇక పని. మొదట కారును ముక్కముక్కలుగా విప్పుదురు. ప్రతి మేకును, మరను, తీగను పేరు వ్రాసి సంచులలో దాచుదురు, ఛాయాచిత్రములు తీయుదురు. తొందరపడి ఈ మెట్టును దాటినవారు నెలల తరువాత ఏ మర ఎక్కడిదో తెలియక తల పట్టుకొందురు. 507 పైతొడుగు అల్యూమినియపు రేకు, క్రిందిచట్రము ఉక్కు. అల్యూమినియము బరువులో ఇనుములో మూడవవంతు మాత్రమే యగుటచే పందెపు కార్లకు దానిని ఎన్నుకొందురు. కాని ఈ రెండు లోహములకును పొత్తు కుదరదు. వాటి నడుమ తడి చేరినచో, ఆ తడిలో ఉప్పున్నచో మరియును, విద్యుద్ఘటములోవలె సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి అల్యూమినియమును తినివేయును. పైకి రంగు నిగనిగలాడుచుండగనే లోపల రేకు తెల్లని పొడియై రాలిపోవును. కావున పైతొడుగును చట్రమునుండి వేరుచేయనిదే ఇట్టి కారును బాగుచేయుట కల్ల. మ్యూనిక్‌లో అట్లే చేసిరి.

పాతరంగును తీయుటకు రసాయనపు తొట్లలో ముంచుదురు. ఇందును లోహభేదము మరువరాదు. దాహకసోడా వంటి క్షారము ఉక్కుమీది రంగును ఊడ్చి ఉక్కును విడిచిపెట్టును. అదే క్షారములో అల్యూమినియమును వేసినచో బుడగలు వెడలగ్రక్కుచు లోహమే కరగిపోవును. ఎనిమిదవ తరగతి ప్రయోగశాలలో ఉపాధ్యాయుని సమక్షమున చిన్న అల్యూమినియపు ముక్కతో ఈ సంగతిని చూడవచ్చును. అందుచే ప్రతి లోహమునకు తగిన ద్రవమును వేరువేరుగా ఎన్నుకొనవలెను.

రంగు పోగానే రేకుమీది నిజమంతయు బయటపడును. పాత సొట్టలు, అతుకులు, ఎప్పుడో ఎవరో దట్టముగా మెత్తిన లప్పము, అన్నియు కనబడును. సొట్టను తీయువాడు రేకు లోపలివైపున ఇనుపదిమ్మెను ఆనించి, వెలుపలినుండి సుత్తితో మెల్లమెల్లగా తట్టును. కొట్టినకొలది అల్యూమినియము గట్టిపడి, చివరకు పగులును. మరల మెత్తబరచుటకు దానిని వేడిచేయవలెను. ఇక్కడనే చిక్కు. ఇనుము కాలినపుడు ఎర్రబడి హెచ్చరించును. అల్యూమినియము ఏ రంగును మారకయే 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చటుక్కున కరగి కారిపోవును. దీనికి పాతకాలపు పనివారు ఒక ఉపాయము కనిపెట్టిరి. రేకుమీద బట్టలసబ్బును రుద్ది మంట చూపుదురు. సబ్బు నల్లబడినచో రేకు మెత్తబడుటకు చాలినంత కాగినదని గుర్తు. వెంటనే మంటను తొలగింతురు. ఎంత ఖరీదైన కారైనను ఆ పని కణా సబ్బుముక్కతోనే జరుగును!

రేకు చదునైనదో లేదో కంటికన్న అరచేయి బాగుగా చెప్పును. అనుభవజ్ఞుడు కన్నులు మూసికొని రేకుమీద చేయి నిమిరి, కంటికానని మిట్టపల్లములను పట్టుకొనును. మిగిలిన చిన్న పల్లములకు మాత్రమే లప్పము పూయుదురు. కొండపల్లి బొమ్మలు చేయువారు చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి మక్కు చేసి, కొయ్యముక్కల అతుకులకు పూయుదురు గదా. కారు పనివాని లప్పమునకును అదే పని. అయితే బొమ్మకు మక్కు అవయవములను అతుకును; కారుకు లప్పము వెంట్రుకమందమును మించరాదు. దట్టమైన లప్పము క్రింద దాచిన సొట్ట కొన్నేండ్లకు పగుళ్లుగా బయటపడును.

శుభ్రమైన అల్యూమినియమునకు గాలి సోకగానే దానిమీద పలుచని ఆమ్లజనిత పొర కట్టును. ఆ పొరను రంగు గట్టిగా పట్టుకొనదు. అందుచే మొదట రేకును కొద్దిగా కొరికి పట్టు కల్పించు ప్రత్యేకమైన పూతను, ఆపైన ప్రైమరు అను అడుగుపూతను వేయుదురు. ప్రతి పూత ఆరిన తరువాత నీరు చల్లుచు ఉప్పుకాగితముతో రుద్దుదురు. ఈ రుద్దుట దినములతరబడి సాగును. రంగు వేయుట చూచుటకు వేడుకగా నుండును గాని, అది గంటలలో ముగియు పని. శ్రమయంతయు రుద్దుటలోనే కలదు. మెరుపు రంగులో పుట్టదు, అడుగున చదునైన నేలలో పుట్టును.

70079కు ఏ రంగు అను ప్రశ్న తేలినను, ఏ విధమైన రంగు అను ప్రశ్న మిగిలెను. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ డ్యూకో అను సెల్యులోజు రంగును వెలువరించెను. అంతకుముందు నూనెరంగులు, వార్నీషులు వేసిన కారు ఆరుటకు వారములు పట్టెడిది. సెల్యులోజు రంగు గంటలలో ఆరును. ప్రత్తిని నత్రికామ్లముతో కలిపి చేసిన పదార్థమే దీని మూలము. ద్రావకములో కరగించి గాలితో చిమ్ముదురు. ద్రావకము ఆవిరియైపోగా పలుచని పొర మిగులును. మీద వేసిన పూత క్రిందిపూతను కొంచెము కరగించి దానిలో కలిసిపోవును. ఆరినకొలది పొర కుంచించుకొనుటచే అనేకమైన పూతలు వేసి, నడుమ రుద్ది, తుదకు మెరుగుపెట్టవలెను. నిప్పురవ్వ సోకిన భగ్గుమనును గూడ. 1957నాటి 507కు సహజమైనది ఈ రంగే.

నేటి రంగులు వేరు. రెండు ద్రవములను కలిపినపుడు జరుగు రసాయనచర్యవలన అవి గట్టిపడును. ఎండకును, పెట్రోలునకును చెక్కుచెదరవు. అద్దమువంటి కఠినమైన మెరుపునిచ్చును. వీటి గట్టిపరచు ద్రవములో ఐసోసైనేటులను పదార్థములుండుటచే, ఆ తుంపరలను పీల్చినవారికి ఉబ్బసము వచ్చు ప్రమాదము కలదు. ముసుగు లేక ఈ రంగును చిమ్ముట ఎవరికిని తగదు. సెల్యులోజు రంగు ద్రావకములును ఆరోగ్యమునకు మంచివి కావు, వాతావరణమునకును చెరుపే. ఐరోపా సమాఖ్య 2004లో ఇట్టి ద్రావకములకు కట్టుబాట్లు విధించినపుడు, పురాతన భవనములను, వాహనములను బాగుచేయుటకు మాత్రము పరిమితమైన మోతాదులో ప్రత్యేకానుమతులీయ వచ్చునని సందు విడిచెను. క్రొత్త రంగు వేసినచో పని తేలిక. కాని ఆ మెరుపు పాతకారుమీద పరాయిదివలె కనబడును. సెల్యులోజు పూతకు కొంత మృదుత్వము, లోతు కలదు. మ్యూనిక్ నిపుణులు ఆ పాత పద్ధతినే పట్టి, ఈకతెలుపు రంగును సెల్యులోజుతోనే వేసిరి.

తెలుపునకు తెలుపు సరిచూచుటయు సులభము కాదు. ఎండలో నిలిచిన రంగు పసుపుపారును. అందుచే నిపుణులు ఎండ తగలని చోట్లలో, పలకల వెనుకను, ఆసనముల అడుగునను, అతుకుల మడతలలోను, మిగిలిన పాతరంగు చారలను వెదకి వాటితో సరిపోల్చుట వాడుక.

రంగుతోనే పని తీరలేదు. పోయిన ఇంజనుకు బదులుగా ఆ జాతి ఇంజనుల విడిభాగములను కూర్చి, 150 అశ్వశక్తి గల 3.2 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజనును నిర్మించిరి. వెనుక ఇరుసును గూడ అట్లే కూర్చిరి. తలుపుల పిడులు, అద్దములను ఎత్తిదించు మరచేతులు దొరకలేదు. వాటిని త్రిపరిమాణముద్రణ యంత్రముతో చేసిరి. ఈ యంత్రము కొలతలను గణనయంత్రమునుండి గ్రహించి, పదార్థమును పొరమీద పొరగా పేర్చి వస్తువును పుట్టించును. సబ్బుముక్కతో వేడిని కొలుచు విద్యయు, గణనయంత్రముతో పిడులను పోతపోయు విద్యయు ఇట్టి కార్ఖానాలలో ఒకే కప్పు క్రింద ఇమిడియుండును.

పని రెండేండ్లు సాగెను. 2016 ఆగస్టు 21వ తేదీన కాలిఫోర్నియా తీరమందలి పెబుల్ బీచ్‌లో, ఏటేట జరుగు పాతకార్ల ప్రదర్శనలో, 70079 తెల్లని వన్నెతో నిలిచెను. ఎన్నో ఏండ్లు గుమ్మడికాయల నడుమ దానిని కాపాడి, విడిభాగములను కూడబెట్టిన ఇంజనీరు మాత్రము ఆనాడు అక్కడ లేడు. కారును మ్యూనిక్‌కు పంపిన యేటనే, 2014 నవంబరులో, అతడు కన్నుమూసెను. రంగు ఇంకను వేయలేదు.